రైలు ఖర్చు ఎవరి జేబులోంచి?



2022 జూన్ 21, మంగళవారం. బ్రిటన్‌లో ఆ రోజు దాదాపు 40 వేల మంది రైల్వే ఉద్యోగులు డ్యూటీ ఎక్కలేదు. 1989 తర్వాత ఆ దేశంలో అంత పెద్ద రైలు సమ్మె జరగలేదు. ఆ మంగళవారం, మళ్లీ గురువారం, మళ్లీ శనివారం, మామూలుగా తిరిగే ప్రతి ఐదు బండ్లలో ఒక్కటే తిరిగింది. తిరిగినవి కూడా పొద్దున ఏడున్నరకు మొదలై సాయంత్రం ఆరున్నరకల్లా ఆగిపోయాయి. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే నర్సులు, తెల్లవారకముందే ఆఫీసులు ఊడ్చడానికి వెళ్లేవాళ్లు బస్సులు మారి మారి తిరగాల్సి వచ్చింది. లాప్‌టాప్ మీద పని ఉన్నవాళ్లు ఇంట్లోనే కూచుని పని చేసుకున్నారు. సమ్మె దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. ఆ సంగతి దాచకుండా ముందే చెప్పుకోవాలి.

అలా మొదలైన గొడవ పూర్తిగా సద్దుమణిగింది 2024 సెప్టెంబరులో, డ్రైవర్ల యూనియన్ అస్లెఫ్ సభ్యులు ఒప్పందానికి ఓటేశాక. ఈలోగా అక్కడ రైలు చార్జీలూ ఆగలేదు. సమ్మెలకు ముందే, 2022 మార్చిలో 3.8 శాతం పెరిగాయి. 2023లో 5.9, 2024లో 4.9, సమ్మెలు ముగిశాక 2025లో మరో 4.6. ఒకవైపు బండి రాదు, ఇంకోవైపు టికెట్టు ధర పెరుగుతుంది. జనం ఈ రెంటినీ ముడిపెట్టి చూడటంలో వింతేమీ లేదు. రెడింగ్‌లో, స్లౌలో, మిల్టన్ కీన్స్‌లో ఉంటూ రోజూ లండన్‌కు అప్ అండ్ డౌన్ చేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఎక్కువమంది ఐటీ ఉద్యోగులే. మా బంధువుల అబ్బాయి ఒకడు రెడింగ్‌లో ఉంటాడు. అప్పట్లో ఫోన్లో నాతో అన్నాడు: "వీళ్ల జీతాలు పెంచడానికి నా పాసు రేటు పెంచుతున్నారు బాబాయ్."

ఆ మాట తప్పని నా అభిప్రాయం. వాడి కోపం న్యాయమైనదే. అది చేరాల్సిన చోటు మాత్రం వేరే ఉంది. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు, సమ్మెకు దిగిందెవరు? ఆ జూన్‌లో పని మానింది ముఖ్యంగా ఆర్‌ఎంటీ యూనియన్ సభ్యులు. సిగ్నల్ కేబిన్లలో కూర్చునేవాళ్లు, పట్టాలు చూసుకునేవాళ్లు, గార్డులు, స్టేషన్ సిబ్బంది, పెట్టెలు శుభ్రం చేసేవాళ్లు. డ్రైవర్లలో ఎక్కువమంది వేరే యూనియన్ వాళ్లు, వాళ్లు దేశవ్యాప్త సమ్మెకు అప్పటికింకా దిగలేదు. అయినా చర్చ తరచుగా డ్రైవర్ల జీతం మీదికే పోయేది. అప్పట్లో వాళ్ల సగటు జీతం ఏడాదికి 60 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉండేది. ఆ అంకె చెబితే వినేవాడికి కోపం వస్తుంది. కాంట్రాక్టు మీద పెట్టెలు కడిగే మనిషికి వచ్చేది చట్టం చెప్పిన కనీస వేతనానికి కాస్త అటూ ఇటూ. ఆ అంకె పెద్దగా ఎవరి నోటా రాలేదు.

సమ్మె రోజుల్లో బండ్లు అంతగా పడిపోవడానికి అసలు కారణం సిగ్నల్ సిబ్బంది. డ్రైవరు వచ్చినా, గార్డు వచ్చినా, దారి ఇచ్చే మనిషి లేకపోతే బండి అంగుళం కదలదు. ఏ సెక్షన్‌కు ఆ సెక్షన్ తెలిసి ఉండాలి. బయటి నుంచి ఎవర్నో తెచ్చి ఆ కుర్చీలో కూచోబెట్టడానికి కుదరదు. ఆ శిక్షణ ఉన్న కొద్దిమంది మేనేజర్లతో పగటిపూట మాత్రమే నెట్టుకొచ్చారు. ఏడున్నర నుంచి ఆరున్నర దాకా అన్న లెక్క అందుకే.

ఇంకో సంగతి ఉంది. ఇంగ్లండులో చాలా రైలు కంపెనీల్లో ఆదివారం మామూలు పనివారంలో లేదు. ఇష్టపడి ఓవర్‌టైంకు (ఓటీకి) వచ్చేవాళ్లతోనే ఆ రోజు బండ్లు నడుస్తాయి. సమ్మె చేయక్కర్లేదు, ఓటీకి రామంటే చాలు, టైంటేబుల్ తలకిందులవుతుంది. యూనియన్ల పట్టు చూడండి అంటారు కొందరు. నాకు అందులో కనిపించేది సరిపడా మనుషుల్ని తీసుకోకుండా, ఉన్నవాళ్ల సెలవు రోజుల మీద రైల్వేను నడపడం.

వాళ్లు అడిగిందేమిటి? ధరలకు తగ్గ జీతం. మన దగ్గర ప్రభుత్వోద్యోగికి డీఏ (కరువు భత్యం) ఉంది. ధరల సూచీ పెరిగితే ఏడాదికి రెండుసార్లు డీఏ పెరుగుతుంది. అక్కడ అలాంటిది లేదు, ఏటా బేరమాడి తెచ్చుకోవాలి. కరోనా వచ్చాక రెండు మూడేళ్లు పెంపు లేకుండానే గడిచిపోయింది. 2022 అక్టోబరుకు ధరల పెరుగుదల 11.1 శాతానికి చేరింది. ఇంట్లో గ్యాసు, కరెంటు బిల్లులు చూసి జనం హడలిపోయిన చలికాలం అది. జీతం అక్కడే ఉండి ధరలు ఇలా పెరిగితే, జీతం కోసినట్టే లెక్క. దానికితోడు ఉద్యోగాల కోత మాట ఒకటి.

ఇప్పుడు చార్జీ దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో దాదాపు 45 శాతం రైలు టికెట్ల ధరలు ప్రభుత్వం అదుపులో ఉంటాయి. ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల సీజన్ పాసులు అందులోవే. ఏటా జూలై నెలలో ధరల సూచీ ఎంత పెరిగిందో చూసి, ఆ అంకె ఆధారంగా మరుసటి ఏడాది పెంపును నిర్ణయించే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆ సూచీ పేరు ఆర్‌పీఐ. బ్రిటన్‌లో ధరలు కొలిచే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. పాతదైన ఆర్‌పీఐ దాదాపు ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది, కొత్తదైన సీపీఐ తక్కువ చూపిస్తుంది. ఆర్‌పీఐ లెక్క సరైంది కాదని 2013లోనే దానికి జాతీయ గణాంకమన్న హోదా తీసేశారు. అయినా రైలు చార్జీకి మాత్రం ఆర్‌పీఐనే ఉంచారు. అదే ప్రభుత్వం తన మాజీ ఉద్యోగుల పింఛన్లు పెంచాల్సి వచ్చినప్పుడు 2011 నుంచి సీపీఐ వాడుతోంది. వెనకటికి కొలుచుకునేటప్పుడు పెద్ద మానిక, కొలిచి ఇచ్చేటప్పుడు చిన్న మానిక తీసే షావుకార్లుండేవాళ్లు. ఇదీ అంతే.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ లెక్కలో రైల్వే ఉద్యోగి జీతం ఎక్కడా లేదు. గార్డుకు ఐదు శాతం పెంచినా, అర శాతం కూడా పెంచకపోయినా జూలై అంకె జూలై అంకే. 2022 జూలైలో ఆర్‌పీఐ 12.3 శాతం చూపించింది. అంత పెంచితే జనం భరించలేరని 5.9 దగ్గర ఆపారు. అది మంత్రులు తీసుకున్న నిర్ణయం. ఆపగలిగినవాళ్లు పెంచేదీ వాళ్లే.

ఆ మాటకొస్తే అసలు సూత్రమే చాలాసార్లు మారింది. 1999 నుంచి కొన్నేళ్లు సూచీ కంటే ఒక శాతం తక్కువే పెంచాలన్న నియమం ఉండేది. 2004 నుంచి దాన్ని తిరగేసి, సూచీ కంటే ఒక శాతం ఎక్కువ అన్నారు. రైలు ఎక్కనివాళ్లు కట్టే పన్నుల మీద భారం తగ్గాలి, ఎక్కేవాళ్లే ఎక్కువ కట్టాలి అని కారణం కూడా చెప్పారు. పదేళ్లు అలా సాగింది. పెట్రోలు, డీజిలు మీద సుంకం సంగతి చూడండి. 2011 తర్వాత పదేళ్లకు పైగా దాన్ని పెంచనే లేదు, 2022 మార్చిలో లీటరుకు ఐదు పెన్నీలు తగ్గించారు కూడా. కారు నడిపేవాడి జోలికి వెళ్లడానికి ఏ ఆర్థికమంత్రికీ చెయ్యి ఆడలేదు. రైలెక్కేవాడి చార్జీ దాదాపు ఏటా పెరిగింది. బ్రైటన్ నుంచి లండన్ యాభై మైళ్లు. ఆ దారిలో ఏడాది పాసు ఐదు వేల పౌండ్లు దాటింది.

ధరలు పెరగడం ఒక ఎత్తు, అవి అర్థంకాకపోవడం ఇంకో ఎత్తు. లండన్ నుంచి బ్రిస్టల్‌కు రద్దీ వేళ నేరుగా టికెట్టు తీస్తే ఒక ధర. అదే బండికి, అదే సీటుకు, డిడ్‌కాట్ దాకా ఒకటి, డిడ్‌కాట్ నుంచి బ్రిస్టల్‌కు ఇంకొకటి తీస్తే బాగా తక్కువ. బండి డిడ్‌కాట్‌లో ఆగితే చాలు, దిగక్కర్లేదు. తెలిసినవాళ్లు అలాగే చేస్తారు. ప్లాట్‌ఫాం మీద ఉన్న టికెట్ యంత్రం ఈ కిటుకు చెప్పదు. తెలియని ముసలాయన నేరుగా తీసి ఎక్కువ కడతాడు.

మరి సమ్మె రోజుల నష్టం ఎవరు భరించారు? మామూలుగా సమ్మె చేస్తే యజమానికి రాబడి పోతుంది, అందుకే యజమాని బేరానికి వస్తాడు. ఇక్కడ అలా జరగలేదు. 2020లో కరోనాతో ప్రయాణికులు ఒక్కసారిగా మాయమయ్యాక రైలు కంపెనీల పాత ఒప్పందాలు పోయి కొత్తవి వచ్చాయి. వాటి ప్రకారం టికెట్ల డబ్బు ప్రభుత్వానికి వెళ్లేది, ఖర్చులు ప్రభుత్వం భరించేది, నడిపినందుకు కంపెనీకి రుసుం ముట్టేది. బండ్లు ఆగితే పోయేది ఖజానా డబ్బే. కంపెనీకి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. చర్చల్లో కూర్చున్నది కంపెనీలు, డబ్బు చేతిలో ఉన్నది ప్రభుత్వం. చివరి మాట చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో లేకుండా నెలలకు నెలలు చర్చలు జరిగాయి. 2023 జనవరిలో అప్పటి రైల్వే మంత్రి హ్యూ మెరిమన్ పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నారు: అడిగింది ఇచ్చి సరిపెట్టుకుని ఉంటే అయ్యే ఖర్చు కంటే, సమ్మెల వల్ల అయిన ఖర్చే ఎక్కువని. ఆ మాట బయటపడ్డాక కూడా గొడవ ఏడాదిన్నరకు పైగా సాగింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టిన విషయం ఇదే. డబ్బు లేక ఆగలేదు. కార్మికుడికి పాఠం చెప్పాలన్న పంతం కోసం నర్సును బస్సుస్టాపులో నిలబెట్టారు.

మధ్యలో కొత్త చట్టం కూడా తెచ్చారు. సమ్మె రోజున టైంటేబుల్లో 40 శాతం బండ్లు నడపడానికి కావలసిన సిబ్బందిని పనికి రమ్మని కంపెనీలు ఆదేశించవచ్చునన్నారు. దాన్ని వాడబోయిన ఒక కంపెనీ, డ్రైవర్లు ఇంకో ఐదు రోజుల సమ్మె ప్రకటించేసరికి వెనక్కి తగ్గింది. ఆ చట్టం ఒక్కసారి కూడా అమలు కాలేదు.

నాకు ఎంతో నచ్చిన ఘట్టం ఈ గొడవ మధ్యలోనే వచ్చింది. 2023 జూలైలో ఇంగ్లండులోని సుమారు వెయ్యి టికెట్ కౌంటర్లలో చాలావాటిని మూసేస్తామని ప్రకటించారు. జనం టికెట్లు ఫోన్లోనో, యంత్రం దగ్గరో కొంటున్నారు, కౌంటర్లెందుకు అన్నది వాదన. అప్పటికి ఏడాదిగా సమ్మెలతో విసిగి ఉన్న ప్రయాణికులు పోనీలే అంటారని అనుకున్నారేమో. అలా జరగలేదు. అభిప్రాయాలు చెప్పమంటే ఏడున్నర లక్షల జవాబులు వచ్చాయి. అందులో చూపులేనివాళ్లున్నారు. తాకే తెర మీద వేలు ఎక్కడ పెట్టాలో వాళ్లకు ఎలా తెలుస్తుంది? చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లున్నారు. బండికీ ప్లాట్‌ఫాంకీ మధ్య పలక వేయడానికి మనిషిని పిలవాలంటే వాళ్లు ముందు వెళ్లేది కౌంటరు దగ్గరికే. చేతిలో నోట్లు తప్ప కార్డు లేని పెద్దవాళ్లున్నారు. ఏ టికెట్టు చవకో చెప్పే మనిషి కావాలన్నవాళ్లున్నారు. ప్రయాణికుల తరఫున పనిచేసే సంస్థలు ఆ ప్రతిపాదనల్లో ఒక్కదానికీ ఒప్పుకోలేదు. అక్టోబరు 31న ప్రభుత్వం మొత్తం ఆలోచనను విరమించుకుంది.

యూనియన్లు సమ్మెలతో సాధించలేకపోయిన ఆ ఒక్కటీ ప్రయాణికులు పక్కన నిలబడ్డాక నాలుగు నెలల్లో జరిగింది. గాజు కిటికీకి అటువైపున్నవాడి ఉద్యోగం, ఇటువైపున్నవాడి ప్రయాణం ఒకేసారి పోతాయని ఇద్దరికీ అర్థమైంది. అధికారులకు ఆ కలయికే భయం పుట్టించిందనుకుంటాను.

చవక రైలు అన్నది ఎవరో దయతో ఇచ్చింది కాదు. ఆ చరిత్ర మా రెడింగ్ అబ్బాయి రోజూ వెళ్లే దారిలోనే ఉంది. రెడింగ్ నుంచి లండన్ వైపు బయల్దేరిన కొద్ది నిమిషాలకే సోనింగ్ దగ్గర కొండను చీల్చి వేసిన లోతైన దారి వస్తుంది. 1841లో క్రిస్మస్ ముందు రోజు, ఇంకా తెల్లవారకుండానే, వానలకు అక్కడ మట్టి జారి పట్టాల మీద పడింది. లండన్ నుంచి వస్తున్న గూడ్సు దాన్ని ఢీకొంది. ఆ గూడ్సుకు మూడో తరగతి ప్రయాణికుల బండ్లు తగిలించారు. పైకప్పు లేదు, పక్కన అడ్డం కూడా ఎత్తుగా లేదు. అందులో ఉన్నవాళ్లలో చాలామంది లండన్‌లో పార్లమెంటు భవనం కడుతున్న పనివాళ్లు, పండక్కి ఇళ్లకు వెళుతున్నారు. వెనకనున్న సరుకు వచ్చి మీద పడి ఎనిమిది మంది అక్కడికక్కడే పోయారు, తర్వాత ఇంకొకరు. దానిమీద విచారణలు, వాదనలు జరిగాక, అప్పటి బ్రిటిష్ మంత్రి గ్లాడ్‌స్టన్ చొరవతో 1844లో చట్టం వచ్చింది. ప్రతి లైనులోనూ రోజుకు కనీసం ఒక్క బండి పేదవాళ్ల కోసం నడపాలి, మైలుకు ఒక పెన్నీ మించి తీసుకోకూడదు, కూర్చోవడానికి సీటు, ఎండావానల నుంచి రక్షణ ఉండాలి, గంటకు 12 మైళ్లకు తగ్గకుండా నడవాలి. అప్పుడు కూడా కంపెనీలు నష్టమన్నాయి. పార్లమెంటు వినలేదు.

మన సంగతికి వస్తాను. మన దగ్గర దేశమంతా కదిలిన రైలు సమ్మె 1974 మే 8న మొదలైంది. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2నే లక్నోలో అరెస్టు చేశారు. ఎనిమిది గంటల పని, బోనసు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులతో సమానంగా జీతం, సరైన కరువు భత్యం, ఇవీ కోర్కెలు. ఇంజను డ్రైవర్లకు డ్యూటీ ఎప్పుడు దిగుతామో తెలియని రోజులవి. కుటుంబాలను క్వార్టర్లలోంచి సామాన్లతో సహా బయటపడేశారు. వేలమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. 20 రోజులకు సమ్మె విరమించారు. ఓడిపోయిందన్నారు. తీసేసినవాళ్లను 1977లో వచ్చిన జనతా ప్రభుత్వం వెనక్కి తీసుకుంది, 1979లో బోనసు వచ్చింది. కాజీపేట, విజయవాడ, గుంతకల్లు రైల్వే కాలనీల్లో ఆ మే నెల గుర్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు మన దగ్గర అలాంటి సమ్మెలు లేవు. మరి రోజువారీ ప్రయాణికుడి ఖర్చు పెరగకుండా ఉందా? 2020లో కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లను తిరిగి వేసినప్పుడు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు మార్చారు. అదే బండి, అవే స్టేషన్లు, అదే నెమ్మది. పది రూపాయలున్న కనీస చార్జీ ముప్పై అయింది. పక్క టౌనుకు కూరగాయల బుట్టతో వెళ్లే ఆవిడకు రానూపోనూ ఇరవై రూపాయలు అరవై అయ్యాయి. ఏ యూనియనూ సమ్మె చేయలేదు, ఏ డ్రైవరూ జీతం పెంచమని బండి ఆపలేదు. పాత చార్జీ మళ్లీ 2024 ఫిబ్రవరిలో గానీ రాలేదు. వయసు పైబడినవాళ్లకు ఉండే రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. జీతం రాక, పింఛను లేక కొడుకుల మీద ఆధారపడిన పెద్దవాళ్లకు ఆ రాయితీ ఎంత ఆసరాయో చెప్పనక్కర్లేదు. దాన్ని తిరిగి ఇవ్వాలి.

మన టికెట్టు మీద ఒక వాక్యం అచ్చువేయడం కొన్నేళ్ల కిందట మొదలుపెట్టారు, చూసే ఉంటారు. ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేస్తున్నామని దాని అర్థం. నేను దాన్ని చదివిన ప్రతిసారీ నొచ్చుకుంటాను. రోడ్డు మీద కారు వేసుకుని వెళ్లేవాడికి ఆ రోడ్డు ఎంతకు పడిందో ఎవరూ చీటీ ఇవ్వరు. జనరల్ పెట్టెలో నిలబడి వెళ్లే కూలీకి మాత్రం, నువ్వు బాకీ ఉన్నావని చెప్పాలా?

మనకు ఉన్న మంచి ఏర్పాటు ఒకటుంది, నెల సీజన్ పాసు. సెకండ్ క్లాసులో దాదాపు 15 ప్రయాణాల ఖర్చుతో నెలంతా తిరగవచ్చు. 2014 జూన్‌లో చార్జీలు పెంచినప్పుడు దాన్ని 30 ప్రయాణాల లెక్కకు మార్చారు. అంటే చాలామందికి పాసు ధర రెట్టింపు. ముంబయి లోకల్ ప్రయాణికులు భగ్గుమన్నారు, అక్కడి ఎంపీలు మంత్రి దగ్గరికి పరుగెత్తారు. నాలుగు రోజుల్లో పాత లెక్కే తిరిగి వచ్చింది. ముంబయివాళ్లు అరిచి నిలబెట్టిన ఆ లెక్కే ఇవాళ తెనాలి నుంచి విజయవాడకు, కాజీపేట నుంచి సికింద్రాబాదుకు తిరిగే మనవాళ్లకూ వర్తిస్తోంది.

బ్రిటన్‌లో 2025 నవంబరులో ఒక ప్రకటన వచ్చింది. ఇంగ్లండులో ప్రభుత్వ అదుపులో ఉన్న చార్జీలను 2027 మార్చి దాకా పెంచబోమన్నది దాని సారాంశం. ముప్పై ఏళ్లలో ఇలా ఆపడం ఇదే మొదటిసారి. పాత సూత్రం ప్రకారమైతే 5.8 శాతం పెరగాల్సింది. మిల్టన్ కీన్స్ నుంచి వారానికి మూడు రోజులు లండన్‌కు వెళ్లేవారికి ఏడాదికి 315 పౌండ్లు మిగులుతాయని ప్రభుత్వమే లెక్క చెప్పింది. డ్రైవర్లకు మూడేళ్ల పెంపు ఇచ్చేసిన తర్వాతే ఇది జరిగింది. జీతాలు పెరిగాయి, చార్జీ ఆగింది. మా వాడికి ఈ సంగతి ఫోన్ చేసి చెప్పాను.